బాగున్నామన్న వీధి

2023 ఎండాకాలం. బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో ఇంటింటి సర్వేకి నన్ను వేశారు. మామూలుగా మేం జీతమెంత, ఖర్చెంత అని అడిగి వస్తాం. ఈసారి డబ్బు కాదు, మనుషులు ఎలా బతుకుతున్నారో కొలవాలన్నారు. అందులో ముఖ్యమైనది లైఫ్ సాటిస్‌ఫాక్షన్ స్కేల్. అంటే మీ బతుకు మీకెంత తృప్తిగా ఉందో సున్నా నుంచి పది వరకు ఒక అంకెలో చెప్పమనడం. తక్కువ వచ్చిన వీధులకు వారం వారం డాక్టరు వ్యాన్ పంపుతామన్నారు.

ప్రశ్నలు హిందీలో ఉన్నాయి. తెలుగువాణ్ణని తెలుగు ఇళ్లు నాకిచ్చారు. నేను తెలివి ఉపయోగించి ఆ ప్రశ్నను "బాగున్నారా? పదికి ఎంత?" అని తేలిక చేశాను. అందరూ తొమ్మిది, పది. పని చకచకా సాగుతుంటే నన్ను చూసి నాకే ముచ్చటేసింది.

వీధి చివరింట్లో పార్వతమ్మగారు. భర్త లోకో షెడ్‌లో, కొడుకు టికెట్ కౌంటర్‌లో. "బాగున్నాం బాబూ, పదేసుకో" అన్నారు. వేశాను. ఆవిడ మంచినీళ్లు తెస్తూ సగం దారిలో గోడ పట్టుకుని నిలబడిపోయారు.

"ఏమైంది పిన్నిగారూ?"

"ఏటీ లేదు, ఆయాసం. పడుకుంటే ఊపిరాడదు. కూకునే తెల్లారుస్తన్నాను, రెండు నెల్లయింది."

"ఇంట్లో చెప్పలేదా?"

"చెప్తే ఆస్పత్రిలో పడేస్తారు. ఆల్లకి డూటీకి బాక్సులెవులు కడతారు?"

నాకు కోపమొచ్చింది. "మరి ఇప్పుడేగా బాగున్నామన్నారు?"

"గుమ్మంలోకొచ్చినోడు బాగున్నారా అంటే ఏటంటాం బాబూ? అది పలకరింపు గదా."

ఆవిడ వద్దంటున్నా నంబరు అడిగి భర్తకు ఫోన్ చేశాను. ఆయన వచ్చేలోగా పది కొట్టేసి, రోజు ఎలా గడుస్తోందని మళ్లీ అడిగాను. ఆవిడ కాసేపు ఆలోచించి, "రెండేసుకో" అన్నారు. ఆ మధ్యాహ్నమే ఆస్పత్రిలో చేర్చారు. గుండె బలహీనపడిందట, ఇంకొన్నాళ్లు ఆగితే కష్టమయ్యేదన్నారు. ఇప్పుడు మందులతో తిరుగుతున్నారు.

మిగతా ఇళ్ల ఫారాలు అప్పటికే సబ్మిట్ చేసేశాను. సబ్మిట్ చేస్తే ట్యాబ్‌లో అవి లాక్ అయిపోతాయి, దిద్దడం మా చేతుల్లో ఉండదు. తప్పు నాదేనని, మళ్లీ తిరుగుతానని సూపర్‌వైజర్‌ని బతిమాలాను. "అచ్ఛా అచ్ఛా, ఆగే బఢో" అని, తర్వాతి ఇళ్లకు కదలమని ఫోన్ పెట్టేశాడు.

అప్పటినుంచి ఏ ఇంటికి వెళ్లినా పలకరింపు పలకరింపుగా చేసి, ఆ తర్వాత కూర్చుని నిద్ర గురించి, తిండి గురించి విడిగా అడుగుతున్నాను. రోజుకు సగం ఇళ్లే అవుతున్నాయి, తిట్లు తింటున్నాను.

పార్వతమ్మగారి వీధికి మాత్రం వ్యాన్ రాలేదు. మా లెక్కలో అక్కడందరూ బాగున్నారు.