కేక దగ్గర ఆగే క్యాసెట్టు

మా చిన్నమ్మ పోయిందన్న కబురు మైకు చాచా తెచ్చాడు. పొద్దున మొదటి బస్సుకే మహబూబ్‌నగర్ వచ్చి, నేను పాఠాలు చెప్పే బడి గేటు దగ్గర నిలబడ్డాడు. పెళ్లిళ్లకూ ఎలక్షన్లకూ మైక్ సెట్లు కిరాయికిచ్చే మనిషి. మెల్లగా మాట్లాడటం ఆయనకు చేతకాదని ఊరంతా నవ్వేది. ఆ రోజు మాత్రం పెదవులు కదిలాయో లేదో అన్నట్టుగా, "టీచరమ్మ పోయింది, బేటీ" అన్నాడు. నేను మళ్లీ అడిగాను, వినపడక కాదు. ఆయన తల మీది టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు.

ఆమె మా అమ్మకు చెల్లెలు. మా ఊరి బాల్వాడీలో పిల్లలకు పాటలు నేర్పుతూ టీచరమ్మ అయింది. పాటలు పాడే పిల్లల్లో సగం మంది దసరా దాటగానే మాయమయ్యేవాళ్లు. వానలు మొహం చాటేస్తే మేస్త్రీ వచ్చి, అడ్వాన్సు చేతిలో పెట్టి, కుటుంబాలకు కుటుంబాలనే లారీ ఎక్కించుకుని పోయేవాడు. ఎక్కడో కాలువ, ఎక్కడో డ్యాం. పోయినవాళ్లు ఎప్పుడు వస్తారో మేస్త్రీ ఇష్టం. బాల్వాడీ ఖాళీ అయిన ఒక ఏడాది ఆమెకు ఒళ్లు మండి, ఊరి ఆడవాళ్లను కూర్చోబెట్టి ఒక సంఘం పెట్టింది. ఒక గది, ఒక రేకు బోర్డు, ఒక చాప. ఆ పనుల దగ్గర చిక్కుకున్నవాళ్లను ఇంటికి తేవడమే దాని పని. అంతకు మించి పెద్ద మాటలేవీ ఆమె ఎన్నడూ వాడలేదు.

సంఘం పెట్టడం ఒక ఎత్తు, దాని మాట నలుగురి చెవిన వేయడం ఇంకో ఎత్తు. మొదట గోడల మీద ఎర్రమన్నుతో రాయించింది. చదివేవాళ్లేరీ? తర్వాత కరపత్రాలు అచ్చు వేయించింది. ఆదివారం అంగడిలో పంచితే జనం వాటిలో ఎండుమిర్చి పొట్లాలు కట్టుకుని పోయారు. నాకు కోపమొచ్చింది గానీ ఆమెకు రాలేదు. "ఇంట్లకైతె పోయింది గద, పోనీ" అని నవ్వింది.

ఆఫీసులకు దరఖాస్తులు పెట్టీ పెట్టీ చెప్పులు అరిగాక, పట్నం నుంచి వచ్చిన ఒక డాక్టరమ్మ తన పాత టేప్ రికార్డరు సంఘానికి ఇచ్చి వెళ్లింది. ఆ డబ్బాను ముందు పెట్టుకుని చిన్నమ్మ చాలాసేపు కూర్చుంది. చదవలేని జనం వినగలరు. అక్కడ చిక్కుకున్నవాడి గొంతే ఇక్కడి అంగడిలో వినిపిస్తే ఎవడు కాదంటాడు? మైకు హార్న్ ఉన్న చాచా ఉండనే ఉన్నాడు.

ఆ ఏడాది మా ఊరి నుంచి పోయిన గుంపులో ఎల్లమ్మ కొడుకు బాలయ్య ఉన్నాడు. ఎల్లమ్మకు మొగుడు లేడు, వేరే పిల్లలూ లేరు. అట్ల పోయినవాళ్లు పంటల కాలం దాటినా రాలేదు. చిన్నమ్మ జొన్నరొట్టెల మూట కట్టుకుని, దాని అడుగున టేప్ రికార్డరు పెట్టుకుని, బాలయ్యకు మేనత్తనని చెప్పి పక్క రాష్ట్రంలో వాళ్లున్న కాలువ పని దగ్గరికి పోయింది. రేకుల షెడ్డులో రొట్టెలు పంచుతూ, ఒక్కొక్కరినీ మాట్లాడమంది.

ఇక్కడే ఆమె తప్పు చేసింది. పోయినవాళ్ల గురించి రాసేటప్పుడు వాళ్ల తప్పులు రాయకూడదంటారు. రాయకపోతే ఆమె నన్నే తిడుతుంది. మా వైపు పంచాయితీలో ఎవరు లేచి నిలబడినా ముందు తన పేరు, తండ్రి పేరు, ఊరు చెప్పాకే మాట మొదలుపెట్టాలి. లేకపోతే ఆ మాటకు విలువ లేదు. ఆమెకూ అదే అలవాటు. "పేరు జెప్పు, తండ్రి పేరు జెప్పు, ఊరు జెప్పు. లేకుంటె ఎవలు నమ్మరు" అంది. మిగతావాళ్లు జంకారు. బాలయ్య ఒక్కడే పేరుతో సహా గొంతెత్తి చెప్పాడు. తిండి సరిగా పెట్టడం లేదని, రోగమొచ్చినా పండనీయడం లేదని, ఇంటికి పోతామంటే కట్టెలు తీసుకుని వస్తున్నారని. చివర, "మా అమ్మను కూలికి పోవద్దనుండ్రి. నేనొస్త" అన్నాడు.

వెంటనే బయటి నుంచి కాపలావాడి కేక. ఎవడ్రా ఆడ మాట్లాడేది అని. "ఏం లేదయ్యా, రొట్టెలు, రొట్టెలు" అని బాలయ్య వణుకుతున్న గొంతు. తర్వాత ఒక దెబ్బ చప్పుడు. రొట్టెల కింద టేపు తిరుగుతూనే ఉంది.

ఆ క్యాసెట్టును ఆ తర్వాతి ఆదివారమే అంగడిలో చాచా హార్న్ మీద వేశారు, కేకా దెబ్బా అన్నీ కలిపి. వేయాలా వద్దా అని చాచా అడిగాడట. దెబ్బ వింటేనే జనం కదులుతారని చిన్నమ్మ అంది. నిజంగానే కదిలారు. బేరాలు ఆగిపోయాయి, తక్కెళ్లు గాలిలోనే నిలిచాయి. ఆడవాళ్లు కొంగు నోట్లో కుక్కుకున్నారు. సాయంత్రానికి చాచా దుకాణం ముందు ఖాళీ క్యాసెట్లు పట్టుకుని మనుషులు నిలబడ్డారు, మాకూ ఎక్కించి ఇవ్వమని. ఒకరి నుంచి ఒకరికి పాకి, బస్టాండు హోటళ్లలో సినిమా పాటల మధ్య బాలయ్య గొంతు మోగింది. నారాయణపేట నుంచి, అచ్చంపేట నుంచి మా చిన్నమ్మను వెతుక్కుంటూ జనం వచ్చారు. పేపర్లో రాశారు. ఇన్నేళ్లు పలకని ఆఫీసులో కుర్చీ వేసి కూర్చోబెట్టారు. "మాట బయటికి పోతె మనిషి ఇంటికొస్తడు" అని ఆమె ఎంత సంబరపడిందో నేను చూశాను. అంత సంతోషం ఆ మొహం మీద మళ్లీ చూడలేదు.

వాళ్లను విడిపించడానికి ఆఫీసు జీపు కదిలేసరికి కొన్ని రోజులు పట్టింది. క్యాసెట్టు అక్కడికి చేరడానికి అన్ని రోజులు పట్టలేదు. మేస్త్రీ బామ్మర్ది కూడా అంగడికొచ్చే మనిషే కదా. అందరి లాగే వాడూ ఒకటి ఎక్కించుకుని పోయాడు. తిరిగొచ్చినవాళ్లు చెప్పిందేమిటంటే, వాడు షెడ్డు ముందు ఆ క్యాసెట్టు వేయించి, పేరు విని, ఆ సాయంత్రమే బాలయ్యను వేరే లారీలో ఎక్కించాడు. ఎక్కడికో ఎవరికీ చెప్పలేదు. జీపు పోయేసరికి అందరూ ఉన్నారు, బాలయ్య లేడు.

లారీ దిగిన ప్రతివాడూ చిన్నమ్మ కాళ్లకు మొక్కబోయాడు. ఆమె దండం పెట్టి వెనక్కి జరుగుతూ, లారీలోకే చూస్తూ ఉండిపోయింది.

బాలయ్యకు ఫోటో లేదు. వాడిని వెతకడానికి ఉన్నది ఆ గొంతొక్కటే. ఆమె అదే క్యాసెట్టు పట్టుకుని కూలీల గుడిసెల వెంట తిరిగింది. ఈ గొంతు ఎక్కడైనా విన్నారా అని వినిపించేది. మనుషులు జాలిగా తలూపేవాళ్లు. విన్నామమ్మా, మా ఊరి హోటల్లో విన్నాం అనేవాళ్లు. ఆ మాట విని ఆమె ఎట్లా బతికి బయటపడిందో నాకు ఇప్పటికీ తెలియదు.

ఆ తర్వాత ఆమె హోటళ్లూ పాన్ డబ్బాలూ తిరిగి, దొరికిన క్యాసెట్లన్నీ అడిగి తెచ్చుకుని, వాటి మీద బాల్వాడీ పాటలు ఎక్కించింది. చాచా రెండు చేతులూ పట్టుకుని వద్దన్నాడు. ఊళ్లూళ్లూ పాకినదాన్ని ఎన్నని తుడుస్తావు అన్నాడు. అయినా తుడిచింది, సంఘం దగ్గరున్న అసలుది ఒక్కటి తప్ప. సంఘం పని ఆపలేదు గానీ పద్ధతి మార్చింది. చిక్కుకున్నవాడి గొంతు గానీ పేరు గానీ ఇక హార్న్ ఎక్కకూడదు. వాడి కష్టాన్ని ఇక్కడున్న ఇంకొకరు తమ కష్టంగా, తమ గొంతుతో చెప్పాలి. "గొంతు మనది పోనీ, మనిషి వాళ్లకు మిగలాలె" అనేది. అంత గట్టిగా ఎవరు చెప్పగలరని అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకుంటుంటే, మైకు ముందుకు మొదట నడిచింది ఎల్లమ్మే. ఎవరెవరి కొడుకుల ఏడుపో ఆమె ఏడ్చింది. అట్లా చాలామంది ఇళ్లకు చేరారు. ఎల్లమ్మ ఇంటికి మాత్రం ఎవరూ రాలేదు.

అంగడిలో క్యాసెట్టు వేసిన రోజు ఎల్లమ్మ ఊళ్లో లేదు, నాట్లకు హాలియా వైపు పోయి ఉంది. తిరిగొచ్చాక, నా కొడుకు మాట్లాడిండట గద, ఇనిపియ్యమని వచ్చింది. చిన్నమ్మ వినిపించింది. "నేనొస్త" అన్న మాట పూర్తి కాగానే బటన్ నొక్కి ఆపేసింది. కేక ఆ తల్లి చెవిన పడనీయలేదు. అప్పటి నుంచి ప్రతి ఆదివారం ఎల్లమ్మ వచ్చి చాప మీద గోడకు ఆనుకుని కూర్చునేది. చిన్నమ్మ టేపు పెట్టేది. కళ్లు మూసుకున్నా ఆమె బొటనవేలికి ఆ చోటు తెలుసు. జ్వరంతో ఒళ్లు కాలుతున్నా ఆదివారం తప్పలేదు. దవాఖానలో పడి ఉన్నప్పుడు కూడా నాతో ఆమె అన్నది ఒకటే. "ఎల్లమ్మ వస్తది. జర సూసి ఆపు."

పోయిన ఆదివారం ఎల్లమ్మ వచ్చింది. చిన్నమ్మ లేని గదిలో చాప పరిచి, టేప్ రికార్డరు ముందు నేను కూర్చున్నాను. నా వేలికి ఆ చోటు తెలియదు. ఒక్క క్షణం ఆలస్యమైతే ఆ కేక ఈ తల్లి చెవిన పడుతుంది. ఇవాళ వద్దులే పెద్దమ్మా, మళ్లీ చూద్దాం అన్నాను. బ్యాటరీలు లేవని అబద్ధం కూడా ఆడాను.

ఎల్లమ్మ నా మొహంలోకి చూసింది. ఏడవలేదు.

"భయపడకు బిడ్డా. ఎన్కాల ఏమున్నదో నాకెరుకనే. ఎన్నడో చిట్యాల బస్టాండు హోటల్ల ఇన్న. ఆడు కొట్టుడు గూడ ఇన్న" అంది.

మరి ఇన్నేళ్లూ చిన్నమ్మకు ఎందుకు చెప్పలేదని అడిగాను. చెప్తే ఆమె ఇంకేం బతుకుతుండె, ఆ దెబ్బ నాకు ఇనిపియ్యలేదన్న ధీమా ఒక్కటే ఆమెకు మిగిలింది గద అంది ఎల్లమ్మ. చాప అంచు సర్దుకుంది.

"హోటల్ల ఇంటె నా కొడుకు దెబ్బలు తింటడు. నీ చిన్నమ్మ తాన ఇంటె, వస్తననే అంటడు. అందుకే గీడికొస్త."

బయట బస్టాండులో మూటలూ గిన్నెలూ పెట్టుకుని జనం మేస్త్రీ లారీల కోసం కూర్చుని ఉన్నారు. ఈ ఏడూ వానల్లేవు. చాచా హార్న్ ఏదో పెళ్లి పాట పాడుతోంది. చిన్నమ్మ బతుకంతా అరిచిన అరుపు ఈ జనానికి ఎంత చేరిందో నాకు తెలియదు. చేరలేదనే అనిపించింది. ఆ పాట మీద, ఆ లారీల మీద, నా మీద నాకే పట్టరాని కోపం వచ్చింది.

"పెట్టు. యాడ ఆపాల్నో నేను జెప్త" అంది ఎల్లమ్మ.

పెట్టాను. ఎక్కించీ వినిపించీ అరిగిపోయిన టేపు, గొంతు కన్నా గర్రుమనే చప్పుడే ఎక్కువ. అయినా బాలయ్య మాట్లాడాడు. తన పేరు, తండ్రి పేరు, ఊరు చెప్పాడు. ఎల్లమ్మ పెదవులు వాడితో పాటు కదిలాయి. మా అమ్మను కూలికి పోవద్దనుండ్రి అన్నాడు. నేనొస్త అన్నాడు.

ఎల్లమ్మ చెయ్యి పైకి లేపింది. నేను నొక్కాను.

గదిలో చప్పుడు ఆగిపోయింది. ఆమె కళ్లు మూసుకునే ఉంది. లేపిన చెయ్యి ఇంకా దించలేదు.