చేతులు కడిగిన నీళ్లతో చామగడ్డ

మెదక్‌లో మా బడి నన్ను ఏడో తరగతిలో పోగొట్టుకుంది. పాపం, ఆ నష్టం నుంచి అది ఇంకా తేరుకోలేదు. నేను ఆటో కొనుక్కుని, రోజూ ఫేబ టీచర్‌ను అదే గేటు దగ్గర దింపుతూ దాన్ని దూరం నుంచే ఓదారుస్తున్నాను.

ఫేబ టీచర్ సైన్స్ చెబుతారు. బోర్డు మీద వానపామును ఎంత ముద్దుగా గీస్తారో, మట్టిలో కనబడితే అంత ఎత్తు ఎగురుతారు. ఒకసారి ఎగిరి ఎక్కడో కౌడిపల్లి ఊళ్లో దిగారు. వెనక్కి తెచ్చింది నేనే, కిరాయి కూడా తీసుకోలేదు. అలాంటి మనిషి ఈ ఏడాది బడి పిల్లలతో వ్యవసాయ క్లబ్బు పెట్టారు!

బడిలో ఖాళీ జాగా ఒక్కటే ఉంది. మధ్యాహ్నం తిన్నాక పిల్లలు చేతులు కడిగే నల్లాల కింద. అక్కడ టమాట నారు పెడితే, నీళ్లు నిలిచి అంతా కుళ్లిపోయింది. హెడ్మాస్టర్ మదన్ మోహన్ సార్ వచ్చి చూశారు.

“గిది తోటనా టీచరమ్మా, బర్లు పండుకునే మడుగా? దసరా సెలవులైనంక గీడ సైకిల్ షెడ్డు ఏపిస్త.”

“జర ఆగుండ్రి సార్. అప్పటికి గీడ పచ్చగ లేకుంటే ఏపియ్యుండ్రి.”

“సరే. గని నల్లా ఇప్పి మొక్కలకు పారవెట్టద్దు. ట్యాంకు నీళ్లు పోరగాండ్ల చేతులు కడుగనీకే.”

ఆ సాయంత్రం ఆటోలో టీచర్ ముఖం వాడిపోయింది. “జాగ పోతే క్లబ్బు పోయినట్టే. పిల్లలకు ఏం జెప్పాలె?”

“చేపలు పెంచుండ్రి టీచర్,” అన్నాను.

“నువ్వు రోడ్డు జూసి నడుపు.”

మర్నాడు ఆమె క్లాసులో అడిగారు, మీ ఇండ్లల్లో వాడిన నీళ్లు పోయేచోట ఏం పెరుగుతుందని. ఎనిమిదో తరగతి వర్షిత లేచింది. “చామగడ్డ, టీచర్. మా నానమ్మ పెట్టింది. బోళ్లు తోమిన నీళ్లు తాగి మస్తు పెరిగింది.”

ఆ నానమ్మ యాదవ్వ సంచెడు గడ్డలు పంపింది. ఫేబ టీచర్ వానపాములకు దండం పెట్టుకుని, సగం కళ్లు మూసుకుని, తన చేతులతోనే నాటారు. ఆకులు ఎంత లేచాయంటే, వానొస్తే ఒక్క ఆకు కింద నేనూ నా ఆటో నిలబడేవాళ్లం. సగం ఆకు ఇంకా మిగిలేది.

అంతలో దసరా సెలవులొచ్చాయి. అప్పుడు తట్టింది అందరికీ. బడి లేదు, అన్నం లేదు, చేతులు కడిగేవాళ్లూ లేరు. ఆకులు తలలు వేలాడేశాయి. నల్లా విప్పి పారించడానికి సార్ మాట అడ్డం.

టీచర్ క్లబ్బు పిల్లలందరికీ కబురు పెట్టారు. “బతుకమ్మకు పూలు తెంపినంక చేతులు ఇంట్ల కడుగకుండ్రి. బడికి రాండ్రి.”

వచ్చారు! తంగేడు కోసిన చేతులు, చెరువు బురద కాళ్లు, తమ్ముళ్లు, చెల్లెళ్లు. కడిగిందే మళ్లీ కడిగారు. ఆ దసరాకు మా ఊళ్లో తల్లులు తెల్లగా తేలిన పిల్లలను గుర్తుపట్టలేక, పేర్లడిగి ఇంట్లోకి రానిచ్చారు.

సెలవులైపోయాయి. సార్ షెడ్డుకు జాగా కొలవడానికి టేపు పట్టుకుని వచ్చి, నడుం దాటిన ఆకుల ముందు ఆగిపోయారు.

“నల్లా ఇప్పి పారవెట్టిండ్రా?”

“లే సార్, చేతులు కడుక్కున్నం,” అంది వర్షిత.

“సెలవులల్లనా?”

“కాళ్లు గూడ, సార్.”

సార్ నవ్వాపుకోలేక టేపు చుట్టేశారు. “షెడ్డు గేటు కాడ ఏపిస్తగని, గడ్డలూరినంక మా ఇంటికి జర పులుసుకు పంపు టీచరమ్మా.”

“మీరే అచ్చి తవ్వుకోండ్రి సార్,” అన్నారు ఫేబ టీచర్. “వానపాములుంటయి. ఏం భయపడకుండ్రి, నేనున్న.”