నాలుగు వైపులా కనబడే దీపం

నేను ఇంజనీరింగ్ మూడో ఏడు చదువుతుండగా, అనకాపల్లి దగ్గరున్న మా కాలేజీలో రోబోల పోటీ పెట్టారు. నాది మునగపాక వైపు చెరుకు పండించే ఇల్లు. నాతో జట్టు కట్టిన అమ్మాయిది అనకాపల్లే. వాళ్లమ్మ ఇంట్లో బట్టలు కుట్టేది. ఇద్దరం కలిసి ప్లైవుడ్ చెక్క మీద పాత కారు వైపర్ మోటార్లు బిగించి, బంతుల్ని తోసే బండి ఒకటి తయారుచేశాం.

పోటీ రోజు పొద్దున్న తనిఖీలోనే మమ్మల్ని ఆపేశారు. ప్రతి రోబో మీదా జట్టు రంగు దీపం ఉండాలి. మాది ఎరుపు. ముందువైపు ఒక చిన్న ఎల్‌ఈడీ పెట్టి, దానికి వేరే స్విచ్ ఇచ్చాం. తనిఖీ చేస్తున్న లెక్చరర్ గారు బండి వెనక్కి వెళ్లి నిలబడ్డారు.

"ఇటునుంచి ఏమీ కనబడటం లేదమ్మా. దీపం నాలుగు వైపులా కనబడాలి. దానికి వేరే స్విచ్ ఉండకూడదు. బండిలో కరెంటు ఉన్నంతసేపూ అది వెలుగుతూనే ఉండాలి. మధ్యాహ్నంలోపు సరిచేసుకుని రండి."

"బంతులు తోసే బండికి ఈ సోకులేటే?" అని బయటికొచ్చాక విసుక్కున్నాను.

"పెట్టకపోతే ఆడనివ్వరు. మా ఇంటికి పోదాం, పద," అంది నా స్నేహితురాలు.

వాళ్లమ్మ కుట్టుమిషన్ పక్కన కెమెరా రీలు డబ్బా ఒకటి ఉంది. తెల్లగా, వెలుగు బయటికి వచ్చేంత పల్చగా ఉంది. నా స్నేహితురాలు అందులోని బొత్తాలు పళ్లెంలో గుమ్మరించింది.

"ఏటే అది, బొత్తాలన్నీ కలిపేత్తన్నావు?" అంది వాళ్లమ్మ.

"మళ్లీ ఏరేత్తానమ్మా!"

డబ్బాలో నాలుగు ఎల్‌ఈడీలు నాలుగు దిక్కులకూ తిప్పి పెట్టి, వాటి వైర్లు మెయిన్ స్విచ్‌కే కలిపాం. స్విచ్ వెయ్యగానే డబ్బా అంతా ఎర్రగా వెలిగింది. వాళ్లమ్మ మిషన్ ఆపి చూసి, "బాగుంది," అంది.

మధ్యాహ్నం తనిఖీ దాటాం. మొదటి ఆట మధ్యలో మా బండి కదలకుండా నిలిచిపోయింది. నేను రిమోట్ బటన్ ఎంత నొక్కినా చలనం లేదు. పూర్తిగా ఆగిపోయిందనుకుని నా స్నేహితురాలు వెనకనుంచి వంగి, చక్రం గొలుసు దగ్గర చెయ్యి పెట్టబోయింది. డబ్బా మాత్రం ఎర్రగా వెలుగుతూనే ఉంది.

"సెయ్యెట్టకే! కరెంటుంది!" అని అరిచాను.

ఆమె చెయ్యి వెనక్కి లాక్కుంది. రిమోట్‌లో వదులైన వైరు ఏదో తగిలినట్టుంది, గొలుసు గిర్రున తిరిగి బండి ముందుకు దూకింది. మెయిన్ స్విచ్ ఆపి, దీపం ఆరాకే దాన్ని ముట్టుకున్నాం.

ఆ ఆట ఓడిపోయాం. క్యాంటీన్‌లో కూర్చున్నాక కూడా ఆమె ఆ చేతిని రెండో చేత్తో గట్టిగా పట్టుకునే ఉంది. టీ గ్లాసు నేనే పట్టుకుని తాగించాను. సగం తాగాక ఆమె తేరుకుంది.

"ఇంకో ఆటుంది కదే. ఆ వైరేదో సూసుకుందాం, రా," అంటూ లేచింది.