కడాన పడిన పేరు

నంద్యాలలో బస్సెక్కి, ఒళ్ళో ల్యాప్‌టాప్ పెట్టుకుని పైథాన్ ప్రోగ్రామింగ్ నేర్చుకుంటున్నాను. ఇంట్లోవాళ్ళ పేర్లూ వయసులూ డిక్షనరీ అనే జాబితాగా రాసి, వయసును బట్టి వరసగా సార్ట్ చేశాను. చంటిపిల్ల పైన, తాత అట్టడుగున వచ్చారు.

"మీ తాతను కింద పడేసినావేందీ?" పక్కసీటాయన గద్దించాడు. కొత్త పంచె కట్టుకుని, ఎక్కినప్పటి నుంచీ మొహం ముడుచుకునే ఉన్నాడు.

"అది చిన్న అంకె నుంచే మొదలుపెడ్తాదన్నా."

"మా అన్న గూడ ఇట్లే సాకులు చెప్పినాడు. కూతురి పెండ్లి పత్రికలో నా పేరు కడాన ఏయించినాడు. తాళి కట్టకముందే లేసొచ్చినా."

నాకు ఒళ్ళు మండింది. వాళ్ళింటి గొడవ నా మీదెందుకు? వరస తిరగేయమని రివర్స్ ట్రూ అని కొట్టి, స్క్రీన్ ఆయన మొహానికేసి తిప్పాను. తాత పైకొచ్చాడు.

"ఇప్పుడు సరిపోయిందా?"

ఆయన మా తాత పేరు చూడనే లేదు. అడుగున వేలు పెట్టాడు.

"ఈమె ఎవురు?"

"మా అక్క కూతురు. పాలు తాగే బిడ్డ."

ఆళ్ళగడ్డలో దిగబోతూ నా మీదికి వంగాడు. "దానికి సదవడం వచ్చేలోగా తుడిచెయ్."

మూడేళ్ళు గడిచాయి. మొన్న ఆ పిల్లకు అక్షరాభ్యాసం చేశారు. ఇంటికొచ్చి ఆ ఫైలు వెతికి తీసేశాను.