మిరప గింజ గీసిన వలయం

2024 ఫిబ్రవరి 19, సోమవారం, ఉదయం పదిన్నర గంటలకు మా పరిశోధనశాలలో నా పక్క బల్ల దగ్గర పనిచేసే అమ్మాయి ఒక గాజు పళ్ళేన్ని కిటికీ వెలుగులోకి ఎత్తి పట్టుకుని, "ఏయ్, ఒకసారి ఇటు రావా!" అని పిలిచింది. నా అసూయ ఆ క్షణంలోనే మొదలైంది.

పళ్ళెంలో పెరుగుతున్నది మా అమ్మ నడుము మీది తామర నుంచి గీకి తెచ్చిన శిలీంద్రం. మిరప కోతల్లో చీర బిగించి కట్టి, ఎండలో వంగి పనిచేసే ఆడవాళ్ళకు నడుము దగ్గర చెమట ఆరదు. అమ్మకు తామర అక్కడే పట్టింది. మందుల షాపువాడు ఇచ్చిన ట్యూబు రాస్తే తగ్గేది, మానితే రెట్టింపయ్యేది. ఆసుపత్రి మాత్రలకు కూడా లొంగలేదు. మందులకు లొంగని శిలీంద్రాలే మా పరిశోధన విషయం కనుక, అమ్మను ఒప్పించి, మా గైడ్ మేడం అనుమతితో ఆ నమూనాను నేనే తెచ్చాను.

మా పని పెప్టైడ్ల మీద. మనిషి, కప్ప, మొక్క, ఏ జీవి అయినా సూక్ష్మజీవుల నుంచి తనను కాచుకోవడానికి చిన్న చిన్న ప్రోటీన్ ముక్కలను తయారు చేసుకుంటుంది. వాటినే పెప్టైడ్లు అంటారు. మామూలు మందు శిలీంద్రం లోపల జరిగే ఏదో ఒక పనిని ఆపుతుంది. ఆ పనికి శిలీంద్రం మరో దారి వెతుక్కుంటే మందు ఓడిపోతుంది. చాలా పెప్టైడ్లు నేరుగా దాని పై పొరకే చిల్లులు పెడతాయి. పొరను మార్చుకుని బతకడం దానికి అంత తేలిక కాదు.

నాకు కప్ప చర్మంలోని పెప్టైడ్‌ను పోలిన కృత్రిమ పెప్టైడ్‌ను అప్పగించారు. ఆ అమ్మాయికి మిరప గింజల్లోని పెప్టైడ్‌ను ఇచ్చారు.

ఈ పంపకం నాకు మొదటి నుంచీ మింగుడు పడలేదు. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషిని నేను. నాకు తెలిసిన తరాలన్నీ మిరప మీదే బతికాయి. ఆ అమ్మాయి తల్లిదండ్రులిద్దరూ ఒంగోలులో డాక్టర్లు. రంగు వెలిసిన తాలు కాయ ఏదో, మంచి కాయ ఏదో ఆమె నన్నడిగి తెలుసుకుంది. అలాంటి మనిషికి మిరపనిచ్చి నాకు కప్పనిచ్చారు.

ఆ ఉదయం ఆమె పళ్ళెంలో మిరప గింజల సారం పోసిన చోటు చుట్టూ శిలీంద్రం పెరగలేదు. శుభ్రమైన గుండ్రటి వలయం. నా పళ్ళెంలో మాత్రం దూది పరిచినట్టు అంచుదాకా పెరిగింది. ఆ వలయం నిజమైతే ఎప్పటికైనా అమ్మలాంటి వాళ్ళకు ఒక మందు వస్తుంది. అబద్ధమైతే నాకు ఊరట. నేను కోరుకున్నది ఊరటనే.

మధ్యాహ్నం సమావేశంలో లేచి అన్నాను: "మేడం, ఈ కాయలు మార్కెట్ యార్డు నుంచి తెచ్చినవి. మా వైపు కాయకుళ్ళు తెగులుకు శిలీంద్రాలను చంపే మందు కొట్టని చేను ఉండదు. గింజల్లో మిగిలిన ఆ మందే ఈ వలయాన్ని గీసి ఉండవచ్చు."

ప్రశ్న సరైనదే. అసూయ లేకపోయినా అడిగేదాన్ని. అడుగుతున్నప్పుడు అంత హాయిగా ఉండేది కాదు, అంతే.

"మంచి ప్రశ్న," అన్నారు మేడం. "మందు కొట్టని కాయలు మీ ఊళ్ళో దొరుకుతాయేమో ఇద్దరూ వెళ్ళి చూడండి."

ఆదివారం వినుకొండ బస్సెక్కి మా ఊరి కల్లానికి వెళ్ళాం. ఎండబోసిన కాయల పక్కన ఆడవాళ్ళు వరసగా కూర్చుని తాలు ఏరుతున్నారు. అమ్మ వరస చివర ఉంది. ఆ అమ్మాయి వెళ్ళి అమ్మ పక్కనే నేల మీద కూర్చుంది.

"అయ్యో, కింద కూర్చోమాక తల్లీ, ఘాటెక్కుద్ది!" అంది అమ్మ.

అనడమే ఆలస్యం, ఆ అమ్మాయి వరసగా తుమ్మింది. కల్లమంతా నవ్వు. "ఏమ్మా డాక్టరమ్మా, ముక్కుకి మందు తెచ్చుకోలేదా?" అంది ఒకావిడ. తుమ్ముల మధ్యే ఆమె కూడా నవ్వి, అమ్మనడిగింది: "అమ్మా, మందు కొట్టని చెట్లు ఏమైనా ఉన్నాయా?"

"మందు కొట్టకుండా మిరపా? భలేదానివే! మా ఆయన గట్టు మీద గడ్డిక్కూడా కొట్టొస్తాడు." తరువాత అమ్మ గొంతు తగ్గించింది. "చెట్టుదాకా ఎందుకు, నేనే రాసుకున్నా."

"ఏం రాసుకున్నారు?"

"కాయకుళ్ళు మందు. డ్రమ్ములో అడుగున మిగిలింది గుడ్డతో నడుముకి అద్దుకునేదాన్ని. కాయ మీద మచ్చ పోయిద్ది గదా, మనిషి మీద మచ్చ పోదా అని. పోయినేడు నుంచీ, చేలో కొట్టినప్పుడల్లా."

వెనక నిలబడి ఉన్న నేను ఆగలేకపోయాను. "అమ్మా! నమూనా తీసేటప్పుడు ఏం రాశావని అడిగితే ట్యూబు ఒక్కటే అన్నావుగా?"

"నీకు చెబితే ఊరంతా వినేటట్టు అరుస్తావు. ఇదిగో, ఇప్పుడరిచినట్టు. ఈ పిల్ల అరవదులే."

ఆ పిల్ల నిజంగానే అరవలేదు. అమ్మ చెయ్యి పట్టుకుని, "ఇంకెప్పుడూ రాయకండమ్మా. చర్మం కాలుతుంది, ఒంట్లోకి కూడా పోతుంది," అంది. అమ్మ "సరే తల్లీ," అంది. నేను చెప్పిన ఏ మాటకూ అమ్మ అంత తేలిగ్గా సరే అనగా వినలేదు. వలయం కన్నా ఆ 'సరే' నన్ను ఎక్కువగా కోసింది.

తిరుగు బస్సులో ఆమె ఉన్నట్టుండి నా వైపు తిరిగింది. "మీ అమ్మగారి శిలీంద్రం ఆ మందు తగులుతున్నా చావకుండా బతికింది. అలాంటప్పుడు గింజల్లో మిగిలిన ఆ కాస్త మందు దాన్నేం చేస్తుంది? అంటే వలయం మందు వల్ల రాలేదేమో!"

ఆ సంగతి నాకు కల్లంలోనే తట్టింది. పైకి అనడానికి నోరు రాలేదు.

పరీక్ష నేనే చేస్తానని పట్టుబట్టాను. ఒక పక్క మిరప సారం, మరో పక్క కాయకుళ్ళు మందు, గింజల్లో మిగలగలిగిన దానికన్నా చాలా ఎక్కువ మోతాదులో. మందు పోసిన చోటు దాకా శిలీంద్రం దట్టంగా పెరిగింది. మిరప వలయం చెక్కుచెదరలేదు. అమ్మకు ఆసుపత్రిలో ఇచ్చిన మాత్రలు కూడా ఆ పొలం మందు రసాయన కుటుంబానివే; ఒకదానికి లొంగనిది రెండోదానికీ లొంగకపోవచ్చు. అమ్మ అద్దుకున్నందువల్ల శిలీంద్రం మొండిదైందో, మొండిదే వచ్చి అమ్మకు అంటుకుందో మా పళ్ళేలు చెప్పలేవు. వలయం పొలం మందు గీసినది కాదని మాత్రం చెప్పాయి.

"నీ ప్రశ్న లేకపోతే ఈ ఫలితాన్ని ఎవరూ నమ్మేవారు కాదు," అని మేడం అందరి ముందు నన్ను మెచ్చుకున్నారు. ఆ అమ్మాయి అందరికన్నా ముందు చప్పట్లు కొట్టింది. ఆమె గెలుపుకు గట్టి సాక్ష్యం నా చేతులతోనే తయారైంది. ఆ చప్పట్లలో నిజమైన సంతోషమే ఉంది. అదే భరించడం కష్టమైంది.

మిరప పెప్టైడ్ ఇంకా పరిశోధనశాల దాటలేదు. మనిషి చర్మానికి అది హాని చేయదని తేలడానికే ఎన్నేళ్ళు పడుతుందో తెలియదు. అమ్మ పొలం మందు రాసుకోవడం మానేసింది. చర్మవ్యాధుల డాక్టరు వేరే కుటుంబానికి చెందిన మాత్రలను ఎక్కువ కాలం వాడించగా తామర తగ్గి, నల్లటి మచ్చ మిగిలింది. ఇప్పుడు ఒంట్లో ఏ తేడా చేసినా అమ్మ ముందు ఆ అమ్మాయికే ఫోన్ చేస్తుంది. నాకు ఆమె చెబితే తెలుస్తుంది.