టైమింగ్ బెల్టుకు పెట్టిన బొట్టు

యలమందయ్య తన పాత కారు మీద మెకానిక్కును చెయ్యి వెయ్యనివ్వడు. "మిరపచేలో ఆయిలింజను విప్పినోణ్ణి, నాకిదో లెక్కా?" అంటాడు, పళ్ళ మధ్య బోల్టు పట్టుకునే. ఆ శుక్రవారం, ఇంజను చక్రాలు రెండిటినీ జతగా తిప్పే టైమింగ్ బెల్టు మార్చబోతూ, కొత్తది సరిగ్గా కూర్చోవడానికి గుర్తుగా రెండు చక్రాల మీదా చెరో కుంకుమ చుక్క పెట్టుకున్నాడు. పాతది లాగేసరికి చక్రాలు కదిలాయి. కొత్త బెల్టు తెచ్చేలోగా, పూజ కాబోలనుకుని భార్య కోటిరత్నం వాటికి మరో మూడేసి బొట్లు పెట్టి దణ్ణం పెట్టింది. తిరిగొచ్చి చూసి, వాటిలో తన చుక్క ఏదో తెలీక గతుక్కుమన్నాడు. ఎదురింటి అరుగు మీద కూర్చుని నలుగురూ చూస్తుంటే మెకానిక్కును పిలవడం నామోషీ. తోచినచోట బెల్టెక్కించి తాళం తిప్పాడు. చక్రాల జత తప్పి లోపల వాల్వులు పటపటా విరిగాయి. అరుగు మీద ఎవరో నవ్వారు. యలమందయ్య నింపాదిగా లేచి, చేతిలోని నూనెగుడ్డతో, పక్కనే నిలబడ్డ కోటిరత్నం నుదుటి బొట్టు తుడిచేశాడు.

"ఇదీ తప్పుచోటే పెట్టావే" అన్నాడు.