గడప కొయ్యతో చుక్కాని

మా నాయన సేద్యగాడు, పడవ మనిషి కాదు. వెలుగోడు రిజర్వాయరు కింద మా ఊరూ చేనూ మునిగాక, ఆ నీళ్ల మీదే చేపలు పట్టి బతకాలని పంతం పట్టి చిన్న తెరచాప పడవ కొన్నాడు. మొదట్లో చుక్కాని పిడిని నాగలి మేడిలాగే పట్టుకునేవాడు. ఎటు పోవాలంటే అటే నొక్కేవాడు, పడవేమో రెండో పక్కకు తిరిగేది. "ఇది మొండి ఎద్దమ్మా" అని పడవనే తిట్టేవాడు.

పోయిన ఆషాఢం గాలికి ఆ చుక్కాని నడిమికి విరిగింది. పొద్దున పోయిన మనిషి దీపాలు పెట్టే వేళకు గానీ గట్టు చేరలేదు. నాకు ఒళ్లు మండిపోయింది. "ఆ పడవ అమ్మెయ్ నాయనా! నీకేమన్నా అయితే మేమేం గావాల?" అని అరిచాను. ఆయన వింటే గదా! మర్నాడే నంద్యాల సామిల్లుకు పోయి టేకు పలక తెచ్చాడు. పలక బాగానే ఉంది. దాన్ని పట్టి నిలిపే నిలువు కొయ్యే కుదరలేదు. ఆళ్లగడ్డలో బండ్లు చేసే వడ్రంగి దగ్గర తెచ్చిన తుమ్మకొయ్య ఇంకా పచ్చిది, ఎండకు నిలువునా పగిలింది.

అప్పుడు మా అమ్మ మంచం కింద నుంచి గోనెపట్టాలో చుట్టిన కొయ్యను ఈడ్చుకొచ్చింది. ఊరు మునిగే ముందు అందరూ తలుపులూ దూలాలూ పీక్కుంటుంటే ఆమె మా ఇంటి గడపను తెచ్చుకుంది. ఇన్నేళ్లూ బాడుగ ఇళ్లే. అది పెట్టడానికి మాకంటూ ఒక వాకిలి లేదు. అయినా శుక్రవారం శుక్రవారం దానికి పసుపు రాసేది.

నాయన వెనక్కి జరిగాడు. "గడప మింద కాలు గూడ పెట్టం. నీళ్లల్లో ముంచేదేందే? పిచ్చి పట్టిందా?"

"ఇంట్లోంచి పోయినోళ్లు మళ్లా ఇంటికి రావాలనే గదా దీనికి మొక్కేది. నువ్వు పోతాండేది నీళ్ల మిందికి. ఇది ఈడ మంచం కింద ఉండి ఏం జేస్తాది?"

నేను అరిచి చెప్పిన భయం ఆమె లోపల దాచుకుందని అప్పుడే తెలిసింది. నాయన రంపం అందుకున్నాడు.

చుక్కాని బిగించిన శుక్రవారం, అమ్మ గట్టు మీద వంగి దానికి పసుపు రాసి కుంకుమ పెట్టింది. నా నోరు ఊరుకోదు కదా, "నీళ్లల్లో కరిగిపోతాది గదమ్మా" అన్నాను.

"కరగనీ. మన ఇల్లు ఉండేది ఆ కిందనే గదా" అంది.